సూదులక్క చేసిన ప్రార్థన

మా కుట్టు ఫ్యాక్టరీలో రెండువందల నలభై మిషన్లుంటే వాటన్నిటి సూదులూ ఒక్క మనిషి చేతిలో ఉండేవి. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. మేనేజరు దగ్గర్నుంచి నేల ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ సూదులక్క.

ఆవిడ పని చెప్పడానికి సులువు, చెయ్యడానికి కాదు. మిషను మీద సూది విరిగితే కుట్టేవాళ్లు వెంటనే ఆపి చెయ్యెత్తాలి. సూదులక్క ఒక చేతిలో చిన్న రేకు పళ్లెం, ఇంకో చేతిలో తాడు కట్టిన అయస్కాంతం పట్టుకుని వచ్చేది. విరిగిన ముక్కలన్నీ ఏరి, ఒక కార్డు మీద వరసగా పేర్చి, పైన టేపు అంటించేది. మొన దగ్గర్నుంచి మొదలు దాకా సూది పూర్తిగా కనబడితేనే కొత్త సూది చేతికొచ్చేది. ఒక్క ముక్క తగ్గినా ఆ బట్టే కాదు, ఆ కట్ట మొత్తం అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. మేము కుట్టేవి పసిపిల్లల గౌన్లు. ఏడాది నిండని బిడ్డ తొడుక్కునే గౌనులో సూదిమొన ఉండిపోతే ఏమవుతుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నా మిషను ఆవిడ బల్లని ఆనుకునే ఉంది. పద్నాలుగేళ్లు ఆవిడ మొహం చూస్తూ కుట్టాను కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. మెచ్చుకోవడానికి మాత్రం చెప్పడం లేదు. ఆవిడకి జరిగిన నష్టంలో సగం మెచ్చుకోళ్ల వల్లే జరిగింది.

సన్నగా పొడుగ్గా ఉండేది. కళ్లద్దాలకి నల్లదారం కట్టి మెళ్లో వేసుకునేది. దర్జీలు పని చేస్తూ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటారే, నోరు ఎప్పుడూ అలా బిగించి ఉండేది. ఆ నోట్లోంచి అక్కర్లేని మాట రావడం ఎవరమూ వినలేదు. అందుకే ఫ్యాక్టరీలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆవిడ చెవిన వేసేవాళ్లం. ఒకామె మొగుడు చెయ్యి చేసుకునేవాడు. ఇంకొకామె కొడుకు పరీక్ష రాయకుండా సినిమాకి పోయి, రాశానని చెప్పాడు. అవన్నీ ఆవిడ కడుపులో పెట్టుకునేది. అంతా విని, "ప్రార్థనలో పెడతానమ్మా" అనేది. అంతే. మర్నాడు మళ్లీ ఏమీ ఎరగనట్టే పళ్లెం, అయస్కాంతం పట్టుకుని తిరిగేది.

మా చర్చి సంఘం ఆడవాళ్లం పదిహేనుమందిమి ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాళ్లం. శుక్రవారం భోజనాల వేళ బట్టల తానులు పెట్టే గదిలో కూడి ఇరవై నిమిషాలు ప్రార్థన చేసుకునేవాళ్లం. ఆ గదిలో కొత్త బట్ట వాసనకి తుమ్ములొచ్చేవి. ఆమేన్‌ల కంటే తుమ్ములే ఎక్కువని నేనంటే అందరూ నవ్వేవాళ్లు, సూదులక్క తప్ప.

హృదయాన్ని కాచుకోవడం గురించి ఆవిడ దగ్గర ఒక పాఠం ఉండేది. కొత్తగా చేరిన ఆడపిల్లలు సూపర్వైజరు తిట్టాడని కళ్లనీళ్లు పెట్టుకుంటూ వస్తే ఆ పాఠం చెప్పేది. ఆ సూపర్వైజరుకి మేము చాటుగా పెట్టుకున్న పేరు టార్గెట్. నిద్రలేపి అడిగినా గంటకెన్ని గౌన్లో చెప్పేవాడు.

"కోపం ఎవరికైనా వస్తుందమ్మా. గుమ్మం దాకా వస్తుంది. అక్కడే నిలబెట్టి, నువ్వెవరు, ఏం పని మీద వచ్చావు అని అడగాలి. లోపలికి రానిచ్చి కుర్చీ వేశావో, ఆ తర్వాత టీ కూడా అడుగుతుంది" అనేది.

ఆ మాట మా పాస్టరుగారి దాకా వెళ్లింది. హృదయాన్ని కాపాడుకోవడం మీద ఆయన ప్రసంగం చేసినప్పుడల్లా చివర్లో ఆయన చూపు ఆవిడ కూర్చునే బెంచీ మీదకి పోయేది. ఒకసారైతే వేలు పెట్టి చూపించినంత పని చేశారు. "ఆరేళ్లు మంచాన పడ్డ తండ్రికి సేవ చేసి, ఒక్కసారి కూడా విసుక్కోని మనిషి మన మధ్యనే ఉంది" అన్నారు. అందరం తలలు తిప్పి చూశాం. ఆవిడ తల వంచుకుంది. అది వినయం అనుకున్నాం.

ఆవిడకి ఒక చెల్లెలు. ఆవిణ్ణి చిన్నక్క అనేవాళ్లం. అక్క కంటే తొమ్మిదేళ్లు చిన్నది. తల్లి పోయాక జడ వేసి, అన్నం పెట్టి, బడికి పంపి పెంచింది అక్కే. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎందుకు చేసుకోలేదని సూదులక్కని అడిగితే, "అడిగినవాళ్లు లేరు" అనేది, వాన రాలేదని చెప్పినంత మామూలుగా. చిన్నక్కని అడిగితే పగలబడి నవ్వేది. బొద్దుగా ఉండేది. పాటలు శ్రుతి లేకుండా, సిగ్గు లేకుండా పాడేది. ఫ్యాక్టరీ కింది అంతస్తులో పిల్లతల్లుల కోసం ఒక గది ఉంది. అందులో పన్నెండు చిన్న మంచాలు, గోడకి పసుపు రంగు. అది చిన్నక్క రాజ్యం. పైన మిషన్ల మోతకి ఆ గది కప్పు అదురుతూనే ఉండేది. ఆ మోతలో పన్నెండుమంది పసివాళ్లని నిద్రపుచ్చడం ఆవిడకి ఒక్కదానికే చేతనయ్యేది.

నా కూతుర్ని నాలుగో నెలలో అక్కడ వదిలాను. అది సీసా పాలు నోట పెట్టేది కాదు. మొదటి మూడు రోజులు నా రొమ్ములు బరువెక్కి, మిషను మీద కన్నీళ్లు కారుస్తూ కుట్టాను. నాలుగోరోజు కిందికి దిగి చూస్తే అది చిన్నక్క మెడ మీద మొహం పెట్టుకుని గుటకలు వేస్తోంది. "ఈవిడగారికి సీసాతో పేచీ లేదమ్మా, మొహం చూసి తాగడానికి సిగ్గు" అంది చిన్నక్క. ఆ రోజు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు. తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే, పెట్టకపోవడమే నయం.

పందొమ్మిదేళ్లప్పుడు చిన్నక్క మనసు చెదిరింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఉంది. నయమై వచ్చాక మళ్లీ ఆ జాడ లేదు. ఆ సంగతి తండ్రికీ అక్కకీ తప్ప మరో మనిషికి తెలియదు. తండ్రి చనిపోయిన ఏడాది చిన్నక్కకి నిద్ర పట్టడం మానేసింది. భయపడి తనంతట తనే డాక్టరు దగ్గరికి వెళితే పాత మాత్రలే మళ్లీ రాశాడు. ఇంటికొచ్చి అక్కతో చెప్పింది. "మాత్రలు వేసుకుంటే బాగానే ఉన్నానక్కా. ఎవరికీ చెప్పకు. పిల్లల గదిలోంచి తీసేస్తే మాత్రం నేను బాగుండను" అంది. సూదులక్క సరేనంది. ఈ మాటలన్నీ చాలా ఏళ్ల తర్వాత నాకు తెలిశాయి.

నాకు ముందు తెలిసింది ఒక శుక్రవారం సంగతి. ఆ రోజు పిల్లల గది, బట్టల గది అన్నీ చూసుకునే ఆఫీసు మేడం మా ప్రార్థనకి మొదటిసారి వచ్చింది. ఆవిణ్ణి చూసి మేము కాస్త సర్దుకుని కూర్చున్నాం. చిన్నక్క కూడా పైకి వచ్చింది. నా పాప పళ్లు వచ్చే చిరాకులో ఎవరి దగ్గరా ఆగక, ఆవిడ ఒళ్లోనే ఉంది. అందరం కళ్లు మూసుకున్నాం. ఒక్కొక్కరం వరసగా ప్రార్థన చేశాం. సూదులక్క వంతు వచ్చింది. అనారోగ్యంగా ఉన్న వాళ్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ఎప్పట్లాగే చేసింది. తర్వాత ఆగింది. ఎవరో తుమ్మారు. మళ్లీ మొదలుపెట్టింది.

"తండ్రీ, నా చెల్లెల్ని నీ చేతుల్లో పెడుతున్నాను. పందొమ్మిదేళ్లప్పుడు మతి చెదిరి మూడు నెలలు ఆసుపత్రిలో పడి ఉంటే నువ్వే లేవనెత్తావు. ఇప్పుడు మళ్లీ అవే మాత్రలు మింగుతోంది ప్రభువా. దాని చేతుల్లో ఉన్న పసిపిల్లల్ని కాపాడు."

ఆమేన్ అనడానికి మాకు కొంచెం సేపు పట్టింది. కళ్లు తెరిచాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చిన్నక్క పాపని భుజాన వేసుకుని కిక్కురుమనకుండా కిందికి దిగిపోయింది.

సోమవారం ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని తీసుకురాలేదు. మంగళవారం నేను వెళ్లి నా పాప పక్కబట్టలు, సీసా, టోపీ సంచిలో వేసుకున్నాను. "మా అత్తగారు చూసుకుంటానంటున్నారు చిన్నక్కా" అన్నాను. మా అత్తగారు పోయి అప్పటికి రెండేళ్లు. ఆ భూస్థాపనకి చిన్నక్క వచ్చింది, మట్టి వేసింది, నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా. నా అబద్ధానికి ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. "సరే. పన్ను వస్తోంది. చిగుళ్ల మీద తడిబట్టతో మెల్లగా రుద్దు" అంది. నేను మెట్లెక్కుతుంటే పాప వెనక్కి తిరిగి చేతులు చాపి ఏడ్చింది. నేను వెనక్కి తిరగలేదు.

గురువారానికి పన్నెండు మంచాల్లో ముగ్గురు మిగిలారు. ఆఫీసు మేడం చిన్నక్కని పిలిచి, "నీ మంచికే" అని చెప్పి ప్యాకింగ్‌కి మార్చింది. అట్టపెట్టెలు మడవడం, గౌన్లు పేర్చడం, టేపు లాగి అతికించడం. మేము చెడ్డవాళ్లం కాదు. భయపడ్డాం. కానీ ఆ భయంలో కనీసం ఒక్కరమైనా ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు.

తర్వాతి శుక్రవారం సూదులక్క మా మధ్య మోకాళ్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నోరు జారింది. ప్రార్థన వేడిలో ఏం మాట్లాడానో నాకే తెలియలేదు" అంది. ఏనాడూ నోరు జారని మనిషికి జారిందంటే చెల్లెలి మీద ప్రేమ ఎంతో చూడండి అని ఓదార్చాం. చిన్నక్క తానుల మధ్య నిలబడి ఉంది. "పోనీలే అక్కా. నా కోసమే కదా చేశావు" అంది. ఈసారి ఆమేన్ అందరం గట్టిగా అన్నాం. మాకు బరువు దిగిపోయింది.

ఆ రోజు తర్వాత సూదులక్క పైకి ప్రార్థన చెయ్యడం మానేసింది. తన వంతు వస్తే "మనసులో చేసుకుందాం" అనేది. ఆవిడ ఇంకా లోతుకి వెళ్లిందని మేము చెప్పుకున్నాం. పాస్టరుగారు దాన్ని కూడా ఒక ప్రసంగంలో వాడుకున్నారు. అక్కాచెల్లెళ్లిద్దరూ అదే రెండు గదుల ఇంట్లో, అదే వంటింట్లో, అదే బల్ల దగ్గర తింటూ పదకొండేళ్లు గడిపారు. చిన్నక్క పాడటం ఎప్పుడు ఆగిపోయిందో మాకు గుర్తు లేదు.

పోయిన ఏడాది ఒక గురువారం మధ్యాహ్నం నా మిషను మీద సూది విరిగింది. సరుకు లారీ కింద నిలబడి ఉంది. టార్గెట్ నా నెత్తి మీద నిలబడ్డాడు. ముక్కలు మూడు దొరికాయి. మొన దొరకలేదు. నేనేం చేశానో దాచను. మాలో సగంమంది దగ్గర ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఎప్పుడో విరిగిన పాత సూదుల మొనలు అందులో దాచుకుంటాం. అసలుది దొరకనప్పుడు అందులోంచి ఒకటి తీసి కార్డు మీద పెడితే సూది పూర్తవుతుంది, పని సాగుతుంది. అలాగే పెట్టాను.

సూదులక్క కళ్లద్దాలు పైకి జరుపుకుని కార్డు వైపు చూసింది. గోరుతో మొనని కదిపింది.

"ఇది పద్నాలుగు నంబరు మొన. నీ మిషను మీదున్నది పదకొండు" అంది.

"పొరపాటున కలిసిపోయి ఉంటుందక్కా" అని నీళ్లు నమిలాను.

"డబ్బాలోంచి తీసి పెట్టింది పొరపాటున ఎలా కలుస్తుంది?"

అడ్డంగా దొరికిపోయిన మనిషికి సిగ్గు కంటే ముందు కోపమొస్తుంది. నాకూ వచ్చింది. దాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి ఎవరని అడిగే ఓపిక నాకెక్కడిది? "ఎవరికైనా జారుతుంది అక్కా. నీకు నోరు జారలేదా?" అనేశాను.

పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ ఆవిడ ఎదుట అనలేదు. ఆవిడ మొహం తెల్లబోయింది. కట్టలోని అరవై గౌన్లూ తన బల్ల మీదకి మార్పించింది. టార్గెట్ అరిచాడు, మేనేజర్ని పిలిచాడు, లారీ మా సరుకు లేకుండానే వెళ్లిపోయింది. ఆవిడ ఉలుకూ పలుకూ లేకుండా ఒక్కో గౌను తిరగేసి, ప్రతి కుట్టు మీదా బొటనవేలు నొక్కుతూ పోయింది. పని వదిలే బెల్లు మోగాక కూడా ఆపలేదు. నేనూ సిగ్గుపడి కూర్చుండిపోయాను. నలభై మూడో గౌను మెడ పట్టీ మడతలో అసలు మొన దొరికింది. ఆవిడ వేలి మీద రక్తపు చుక్క కనబడితే గానీ నాకు తెలియలేదు.

కార్డు మీద నా దొంగ మొనని తీసేసి దీన్ని పెట్టి టేపు అంటించింది. టైము రాసింది. తర్వాత పెన్ను కింద పెట్టి అంది. "నాకు నోరు జారలేదు."

"ఏంటక్కా?"

"ఆ శుక్రవారం. నాకు తెలిసే అన్నాను. అనాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. అనాలనిపించింది. అన్నాను. అంటుంటే హాయిగా ఉంది కూడా. అందరి ముందు ఏడ్చింది నిజమే, కానీ చెప్పింది అబద్ధం."

మిషన్లన్నీ ఆగిపోయిన ఆ హాలులో ఆవిడ గొంతు చాలా పెద్దగా వినిపించింది. ఎందుకన్నావని అడిగాను.

"నాన్న మంచాన ఆరేళ్లు ఉన్నాడు. ఒళ్లు తుడిచాను. పక్క మార్చాను. ఒక్క పూట ఎవరికీ అప్పజెప్పలేదు. అది పిల్లల గదినించి వచ్చి, రెండు పాటలు పాడి, నవ్వించి పడుకునేది. చివరి రోజున ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. ఆయన చెయ్యెత్తి దాని తల మీద పెట్టి ప్రార్థన చేశాడు. తర్వాత ఇటు తిరుగుతాడని నేను తల వంచుకుని కూర్చున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన ఇటు తిరగలేదు. అప్పటికే పోయాడు."

ఆవిడ కార్డుని పళ్లెంలో పెట్టింది.

"కోపం రాలేదనుకున్నాను. రాలేదని దేవుడికి కూడా చెప్పాను. గుమ్మం దగ్గర కాపలా అంటూ అందరికీ పాఠం చెప్పాను కదా. నేను కాసింది నోటిని. హృదయాన్ని కాస్తున్నానని మీరందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఆ కోపం ఎప్పుడో లోపలికొచ్చి నా కుర్చీలోనే కూర్చుంది. నేను బయట నిలబడి కాపలా కాస్తున్నాను."

"చిన్నక్క క్షమించేసింది కదా. ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" అన్నాను. నిజానికి నా భయం నాది. ఆ మూట విప్పితే అందులో నా అత్తగారు కూడా బయటికొస్తారు.

"దేన్ని క్షమించిందో దానికే తెలియదు. చెబితే నాకున్న ఒక్క మనిషీ పోతుంది. చెప్పకపోతే..." ఆవిడ రక్తం అంటిన వేలిని రుమాలుతో తుడుచుకుంది. "పదకొండేళ్లుగా ఒక్క ప్రార్థన కూడా పూర్తి చెయ్యలేకపోయాను. కళ్లు మూసుకుంటే ఆ శుక్రవారమే. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి రా. ఒక్కదాన్నే చెప్పలేను."

వెళ్లాను. వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, వచ్చినవాళ్ల కోసం ఒక స్టూలు. స్టూలు మీద దుమ్ముంది. వచ్చేవాళ్లు తక్కువని అర్థమైంది. చిన్నక్క బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. అట్టపెట్టెలకి ఆవిడ వేళ్లు పగిలి, వాటి మీద గీతలు నల్లబడ్డాయి. నన్ను చూసి తలూపింది.

సూదులక్క కుర్చీలో కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"చెల్లీ, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ శుక్రవారం ప్రార్థనలో నాకు నోరు జారలేదు. తెలిసే అన్నాను."

చిన్నక్క చొక్కా చెయ్యి తిప్పి రెండో వైపు ఇస్త్రీ చేసింది.

"తెలుసు" అంది.

సూదులక్క నా వైపు చూసింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. నా ఒళ్లో ఈవిడ పాప ఉంది కదక్కా. పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని ఎవరైనా కళ్లు మూసుకుంటారా? నేను ప్రార్థనలో కళ్లు మూసుకున్నది తక్కువ. నువ్వు మధ్యలో ఆగావు. కళ్లు తెరిచావు. ఆఫీసు మేడం ఉందో లేదో చూశావు. మళ్లీ మూసుకుని చెప్పావు."

చిన్నక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి, దాన్ని నిలబెట్టింది.

"మరి పోనీలే అన్నావు?" అని చివరికి అడిగింది అక్క.

"అంతమంది ముందు ఏమనమంటావు? ఇంటికొచ్చాక చెబుతావనుకున్నాను. ఆ వారం చూశాను. ఆ నెల చూశాను. నువ్వు నాకు కంచం పెట్టినప్పుడల్లా ఇప్పుడు చెబుతుందేమో అనుకునేదాన్ని. నాన్న చెయ్యి నీ మీద పెట్టలేదని నాకు తెలియదనుకున్నావా? నేనూ అక్కడే ఉన్నాను కదా. ఆ మాటొక్కటి చెబితే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం. కొన్నాళ్లకి ఎదురుచూడటం మానేశాను."

"నన్ను క్షమించు చెల్లీ."

చిన్నక్క చొక్కా కాలరు సర్దింది. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు.

"అప్పుడు నువ్వడిగింది పొరపాటుకి. దానికి పోనీలే అన్నాను. ఇది వేరే. దీనికి నాకు టైము కావాలి."

"ఎంత?"

"తెలీదక్కా. నీకు పదకొండేళ్లు పట్టింది." చొక్కా మడిచి పక్కన పెట్టింది. "నేనూ కాపలా కాశాను. నీ దగ్గర నేర్చుకున్నదే. నీ మీద ఒక్క చెడ్డ మాట లోపలికి రానివ్వకూడదనుకున్నాను. రానివ్వలేదు. దాంతో మంచి మాటలు కూడా రావడం మానేశాయి."

ఇక నా వంతు అని నాకు తెలుసు. "చిన్నక్కా, నేను కూడా ఆ రోజు మా అత్తగారని చెప్పి..." అని మొదలుపెట్టాను.

"పాపని బాగా చూసుకున్నారా మీ అత్తగారు?" అంది. ఆ మధ్యాహ్నం ఆవిడ నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాత ఆవిడే మెల్లగా అడిగింది. "కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఉండాలి, ఆవగింజంత. ఉందా?"

ఉందన్నాను. నిజానికి నాకు తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లి నా కూతురి జడ పక్కకి తీసి చూశాక తెలిసింది, ఉంది.

టీ పెడతానని చిన్నక్క లేచింది. టీ డబ్బా సూదులక్క కూర్చున్న కుర్చీకి వెనకాల, పై అరలో ఉంది. సూదులక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. తండ్రి మంచం పక్కన అలాగే కూర్చుని ఉంటుందని నాకు చెప్పక్కర్లేకుండానే తెలిసింది. చిన్నక్క కుర్చీ వెనకకి వచ్చి ఆగింది. చెయ్యి లేచింది. ఆ పగిలిన వేళ్లు అక్క నెరిసిన జుట్టుకి జానెడు దూరంలో ఒక్క క్షణం నిలబడ్డాయి. తర్వాత ఆ చెయ్యి పై అరకి వెళ్లి డబ్బా అందుకుంది.

చిన్నక్క వంటింట్లోకి వెళ్లింది. మూడు కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. సూదులక్క మాత్రం తల ఎత్తలేదు.